గరిటె లెక్క

జిల్లా కార్యాలయం నుంచి కాగితం వచ్చింది.
వేసవి శిబిరం వల్ల పిల్లలకు కలిగిన లాభాలు
అంకెల్లో రాసి పంపమని.
డైరెక్టరమ్మ రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని,
"లియొకాదియా, మనలో లెక్క తెలిసినదానివి నువ్వే" అంటూ
పిండి చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది.

నిజమే, నాకు లెక్క తెలుసు.
అరవై నాలుగు చెంచాలు. పూటకు ఎనిమిది రొట్టెలు.
మజూరీ సరస్సుల ఒడ్డున, ఈ పొగచూరిన వంటింట్లో
ఇరవై రెండు వేసవులు.

మొదటి రాత్రి సూపు ఎప్పుడూ మిగిలిపోతుంది.
బెంగ పెట్టుకున్న గొంతులో ముద్ద దిగదు.
బీట్‌రూట్ ఎరుపు గిన్నెల్లో చల్లారుతూ
బల్లల పొడుగునా అరవై నాలుగు సూర్యాస్తమయాలు.
మూడో రాత్రికి
అడుగు గీకే చెంచాల చప్పుడు సరస్సు అవతలికి వినిపిస్తుంది.
దీన్ని ఏ గడిలో రాయాలి?

గ్నియెవ్కో అని ఒకడు. పదకొండేళ్లు. వూచ్ నగరం నుంచి.
ఫోను ఆఫీసులో అట్టపెట్టెలో పడుకుంది గానీ
వాడి బొటనవేలు ఇంకా
గాలిని పైకి తోస్తూనే ఉంది.
పడవ ఎక్కమంటే కడుపునొప్పి.
ఈతకు రమ్మంటే కడుపునొప్పి.
కడుపునొప్పులన్నీ చివరికి చేరేది నా దగ్గరికే.

మందేమీ ఇవ్వలేదు.
ఒక చిన్న కత్తి, ఒక బంగాళాదుంపల బస్తా.
తొలిరోజు తొక్కతోపాటు సగం దుంప పోయింది.
నేనేమీ అనలేదు, పక్కింటి రైతు పందులు దీవించి ఉంటాయి.
నాలుగో రోజున
తొక్క తెగకుండా, పల్చగా, మెలికలు తిరుగుతూ
వాడి మోకాలి దాకా వేలాడింది.
దాన్ని ఎత్తిపట్టుకుని
చూసేవాళ్లెవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాడు.

కిటికీలో బోగ్నా ఉంది,
తడిజుట్టుతో, రొట్టె కొట్టేయడానికి వచ్చి.
"ఏదీ, నాకు నేర్పు," అంది.

అంతే. పిడుగేమీ పడలేదు.

పడింది, ఆ తర్వాతి శనివారం.
గుడారాలు గాలికి గొడుగుల్లా తిరగబడితే
అందరూ తడిసి ముద్దై నా వంటింట్లోకి వచ్చిపడ్డారు.
పొయ్యి చుట్టూ ఆవిరి కక్కే చొక్కాలు, బురద కాళ్లు,
ఉరుముకో కేక.
మూలన ఏడేళ్ల పిల్లొకతె వెక్కుతూ ఉంది.
వాడు దాని పక్కన చతికిలబడి
"కడుపునొప్పా?" అని అడిగాడు, డాక్టరులా.
జవాబు కోసం ఆగకుండా
ఉడికిన దుంప ఒకటి దాని దోసిట్లో పెట్టాడు,
వేడిది, గోళ్లతో వలుచుకునేది.

నేను వీపు తిప్పి
అక్కర్లేని ఉల్లిపాయ ఒకటి తరిగాను.

కథ ఇక్కడ ఆపితే బాగుండును గానీ, లెక్క అంటే లెక్కే.
పడవ పందెంలో వాడు ఆఖరు,
అదీ బోల్తాపడి, బోగ్నా ఈడ్చుకొస్తే.
కలీనా అనే పిల్ల అయిదో రోజే ఇంటికి వెళ్లిపోయింది.
దారికని నేను కట్టిన రొట్టె
బస్సు సీటు మీదే ఉందని డ్రైవరు తెచ్చిచ్చాడు.
ఆ రొట్టె ఇప్పటికీ నాకు అరగలేదు.
అందరికీ అన్ని నీళ్లూ పడవు.

ఇవాళ బస్సులు వెళ్లిపోయాయి.
ఒంటి మేజోళ్లు పదిహేడు, దండెం మీద.
సరస్సు ఎవరో అలికేసిన పలకలా ఉంది.
దీపం ముందు పెట్టుకుని కాగితం నింపుతున్నాను:

రొట్టెలు, మొదటి వారం: పూటకు ఎనిమిది.
రొట్టెలు, మూడో వారం: పూటకు పదమూడు, అయినా చాలలేదు.
చెంచాలు: అరవై నాలుగూ ఉన్నాయి.
తొక్క తీసే చిన్న కత్తి: ఒకటి తక్కువ.
అది వూచ్ నగరంలో, ఏదో అపార్ట్‌మెంటులో,
ఈపాటికి వాళ్లమ్మ పక్కన నిలబడి
దుంప వలుస్తూ ఉంటుందని నా అనుమానం.

నష్టం కింద రాయవద్దని మనవి.