రెండోసారి నక్షత్రం

లాలాగూడలో జబ్బార్ భాయ్ బట్టీ ముందు
గుడ్లూ వెన్నా జీడిపప్పూ మోసుకెళ్లి
వరసలో నిలబడతాం ఏటా.
రేకు మీద నా చీటీ: కరుణమ్మ, రైల్వే క్వార్టర్స్.
పేరు మాడినా కేకు మాడదంటాడు.

పండగనాడు పైవాటా తిగిస్త్‌కి
ఓ ముక్క పట్టుకెళ్లాను.
గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దంది.
గుడ్డు, పాలు, మాంసం
నలభై మూడు రోజులు ముట్టరట.
"మా ఇథియోపియాలో ఇంకా పుట్టలేదాంటీ.
జనవరి ఏడున."

నవ్వొచ్చింది. మెట్లు దిగుతుంటే ఆగిపోయింది.
మా ఇంట్లో అప్పుడే ఉయ్యాల్లో ఉన్నవాడు
పైవాటాలో ఇంకా కడుపులోనే.

ఏడో తారీకు పొద్దున
తెల్లబట్ట కప్పుకుని తనే దిగింది.
పళ్లెమంత రొట్టె, పులిసిన వాసన,
మన అట్టుకి దూరపు మేనత్తలా.
మీద ఎర్రటి కోడికూర, అందులో మునిగిన గుడ్లు.
ముద్ద చుట్టి తన చేత్తోనే
నా నోట్లో పెట్టింది.
గుంటూరు కారం కూడా
కాస్త జరిగి చోటిచ్చేలా ఉంది.

అటక మీంచి నక్షత్రం దింపించాను.
ఒక కొమ్ము నలిగింది. బల్బు వెలిగింది.
"ఇంకా తియ్యలేదా?" అన్నాడు ఎదురింటి ఇమ్మానుయేలు.
"ఇవాళే కట్టాం."