అర చుట్టు వెనక్కి

హాలిఫాక్స్‌లో జనవరి.
గడ్డకట్టినప్పుడు కాదు, కరిగినప్పుడు పగిలింది పైపు.
ఆరుంపావు, ఇంకా చిమ్మచీకటి.
వంటింటి కప్పులోంచి మొదట ఒక చుక్క,
తర్వాత ఎవరో పైన నీళ్ళసంచీ చింపినట్టు.

నాలుగేళ్ళు ఈ ఇంట్లో.
నల్లడబ్బా ఏ వారమో ఆకుపచ్చడబ్బా ఏ వారమో తెలుసు,
మెట్లలో ఏది కిర్రుమంటుందో తెలుసు.
నీళ్ళు ఎటునుంచి లోపలికొస్తాయో తెలీదు.
కొళాయి తిప్పితే వచ్చేవి. అంతే మా పరిచయం.

సింకు కిందకి దూరాను.
ఫినాయిలు, ఎండిపోయిన బూటుపాలిషు,
ప్లాస్టిక్ సంచిలో కుక్కిన ప్లాస్టిక్ సంచులు,
అన్నీ తోసేస్తే గోడవార ఒక ఇత్తడి తల.
గోడతోపాటే దానికీ తెల్లరంగు పూసేశాడు
పాత యజమాని, మహానుభావుడు.

ప్రదక్షిణం వైపు తిప్పితే మూత.
గుడ్డ చుట్టి తిప్పాను, రెండు చేతులా తిప్పాను,
నోటికొచ్చింది తిట్టి మరీ తిప్పాను.
మూలవిరాట్టు. కదల్లేదు.

చెప్పుల్లోనే వీధిలోకి.
పక్కింటి డోరీన్ కిటికీలో లైటు,
ఎనభై ఎనిమిదేళ్ళావిడకి నిద్రెక్కడిది!
తలుపు తీసి నా తడిచీర చూసి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.
"దీపస్తంభం నుంచి మూడో బండ, పిల్లా. పక్కనే చిన్న ఇనపమూత."
బొగ్గులగదిలోంచి బారెడు చువ్వ తెచ్చింది,
పైన అడ్డపట్టీ, కింద నలుచదరపు నోరు.
"మా రాయ్‌ది. ఆయన పోయాక దీన్ని ఎవరూ అడగలేదు."

మూత కింద బురద, ఒక నత్త,
మోచేతిలోతున ఇంకో ఇత్తడి తల.
చువ్వ దించి, బరువంతా వేసి
ఏడు చుట్లు తిరిగాను దాని చుట్టూ.
నిజంగానే ప్రదక్షిణ.
ఇంట్లో హోరు ఆగింది.
"ఇక కొళాయిలన్నీ తెరువు, పైపులో మిగిలింది దిగిపోవాలి" అంది డోరీన్.
ఇడ్లీగిన్నె పెట్టాను. నిండుగా ఒక్క గిన్నె వచ్చింది.

నా ఒక్క ఇంటిదే అనుకున్నాను.
ఆరిళ్ళకీ ఒకటే గొట్టమట, కట్టిననాటి నుంచీ.
తలుపులు తెరుచుకున్నాయి. ఎవరి నోట్లోనో పేస్టు నురగ.
పద్నాలుగో నంబరు రఫాకత్ గుమ్మంలో నిలబడ్డాడు,
చొక్కాచేతులు పైకి మడిచి,
కుడిచెయ్యి మోచేతిదాకా తడి, ఎడమచెయ్యి పొడి.
వుజూ మధ్యలో ఆగిపోయింది.
ఆయన పేరు నాకు తెలిసింది
తప్పు గుమ్మానికొచ్చిన పార్సిళ్ళ మీద మాత్రమే.

గిన్నె తెచ్చి ఇచ్చాను.
ఎడమచెయ్యి, తల, పాదాలు,
ఆ చలిలో ఆవిర్లు లేస్తుండగా
నా మెట్టు మీదే ముగించాడు.
అడుగున మిగిలింది తిరిగిచ్చి,
"టీకి సరిపోతాయి" అన్నాడు.

మా భాషలో కొళాయి కట్టడమంటే ఆపడం,
మడికి నీళ్ళు కట్టడమంటే వదలడం.
ఒకే మాటకి ఇన్ని పనులేమిటని
చిన్నప్పుడెప్పుడూ అనిపించలేదు.
ఆ పొద్దున్న, డోరీన్ వంటింట్లో,
నా గిన్నెలో నీళ్ళు ఆమె కెటిల్‌లో మరుగుతుంటే
అనిపించింది.

పదింటికి ప్లంబరు పిల్ల బెథనీ వచ్చింది.
రంగు గీకి, నూనె పట్టించి, లోపలి తలని కదిలించింది.
"బార్లా తెరిచాక అర చుట్టు వెనక్కి తిప్పి వదలండి.
చివరంటా తెరిచి వదిలేస్తే అక్కడే బిగుసుకుపోతుంది."
ఏడాదికి రెండుసార్లు తిప్పుతూ ఉండాలట,
లేకపోతే తన పని తనే మర్చిపోతుందట.

చువ్వ ఇప్పుడు మా తలుపు వెనక ఉంటుంది.
గడియారాలు గంట జరిపే ఆదివారాల్లో
ముందు సింకు కింద, తర్వాత వీధిలో.
మూత ఎత్తేముందు అయిదు తలుపులూ తట్టి,
డోరీన్‌కి వినబడేలా కాస్త గట్టిగా,
కట్టేస్తున్నాను,
పట్టుకోండి.