కుందేలు ఏడుపు, ఇరవై మూడు సెకన్లు

అల్లిపురంలో నాది స్పీకర్లు బాగుచేసే బడ్డీ.
చినిగిన కోన్లు, కాలిన కాయిళ్ళు,
ఊరేగింపుల్లో గొంతు పోగొట్టుకున్న డబ్బాలు.
గొంతు తెప్పించి పంపడమే నా పని,
అది బయటికెళ్ళి ఏం కూస్తుందో నాకెందుకు
అనుకునేవాణ్ణి.

దేముళ్ళు పెన్‌డ్రైవ్ తెచ్చాడు.
"కుందేలు ఏడుపుంది గురూ ఇందల.
కిలోమీటరు దూరం పోవాల."
ఎవరో షావుకారు గల్లాపెట్టెలో నక్క కొమ్ము పెట్టుకుంటాడట,
అడ్వాన్సు ఐదువేలట.
నక్కకు కొమ్ముంటుందా అని నేనడగలేదు.
కొనేవాడున్నాడు కదా, ఉండే ఉంటుంది.

బల్ల మీద మొదటిసారి మోగించినప్పుడు
ఎదురు కొట్లో గ్లాసులు కడిగే కుర్రాడు
చేతులు నీళ్ళల్లోనే ఆపేశాడు.
ఇరవై మూడు సెకన్లు.
కుందేలు బతికున్నన్నాళ్ళూ నోరు విప్పదట,
చచ్చేముందు ఒక్కసారి తప్ప.
ఆ ఒక్కసారినీ ఎవరో పట్టుకుని
తలకీ తోకకీ ముడేసి
ఆగకుండా తిరిగేలా చేశారు.
నేను ట్రెబుల్ పెంచాను.

భీమిలి రోడ్డు దిగి, జీడితోటలు దాటి
ఎర్రమట్టి దిబ్బల్లో మేమిద్దరం.
నీళ్ళు కోసుకుపోయిన గట్లు,
రాత్రిపూట ఎరుపు కూడా నలుపే.
బెర్తు కోసం లంగరేసిన ఓడలు
దీపాలు పెట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నాయి.
దేముళ్ళు చిటికెడు ఇసక పైకెగరేసి గాలి చూశాడు.
"నక్క గాలికి కిందనుండొస్తాది.
మా తాతకి ఇవన్నీ లేవు, నోటితోనే పిలిసీవోడు.
ఆడి ఆకలి కూడా ఆ పిలుపులో ఉండీది."
"మరి ఇందులో?"
"ఇందల బ్యాటరీ ఉంది."
నవ్వాడు. నాటుతుపాకీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

రిమోటు నొక్కాను.

నాలుగోసారి తిరిగిందో, ఐదోసారో,
సరుగుళ్ళ కింద చీకటి కదిలింది.
నెత్తిన కట్టుకున్న ఎర్రలైటు అటు తిప్పితే
రెండు మెరుపులు, దగ్గర దగ్గరగా,
నేలకి మరీ ఎత్తుగా కాకుండా,
గట్టెక్కుతూ పైకి, కిందికి.
దేముళ్ళు ఊపిరి బిగబట్టాడు.
నా చెవి పక్కనే గుర్రం వెనక్కి లాగిన చప్పుడు.

"వస్తన్నాను, వస్తన్నాను,
ఏడవకమ్మా, ఎక్కడున్నావు నాయినా..."

రెండు ముక్కుపుడకలు.
అటొకటీ ఇటొకటీ.
చేతులూ కాళ్ళూ కలిపి గట్టు పాకుతోంది
తోట కాపలా నూకరత్నం,
భుజాన మడతపెట్టిన పాతచీర.
పారేసిన పసిగుడ్డును దేంతో చుట్టాలో
గుడిసెలోంచి పరిగెత్తేటప్పుడే ఆలోచించుకుంది.

నా వేలికి మీట దొరకలేదు.
రిమోటు చేతిలోంచి జారి ఎక్కడో పడింది.
కుందేలు చస్తూనే ఉంది,
మళ్ళీ చస్తూనే ఉంది,
ఆమె డబ్బా ముందు మోకాళ్ళ మీద కూలబడి
తడిమింది. వెచ్చగా ఉంది అది.
"గుంట కాదా ఇది?"

నేనే వెళ్ళి వైరు లాగేశాను.
సముద్రం చప్పుడు ఒక్కసారిగా మీద పడింది.

ఆమె తిట్టలేదు.
తిడితే బాగుండేది.
చీర మడత విప్పి, దులిపి, మళ్ళీ మడతపెట్టి
"మరి ఏడిసినోలెవులు?" అంది.
దేముళ్ళు తుపాకీని వీపు వెనక్కి పెట్టుకున్నాడు,
ఇంకా వణుకుతున్న వేలును
ఇంకో చేత్తో పట్టుకుని.

రిమోటు కోసం తెల్లారి ఒక్కణ్ణే వెళ్ళాను.
అది దొరకలేదు.
డబ్బా పెట్టిన చోట ఎర్రమట్టిలో
ఆమె మోకాళ్ళ గుంతలు రెండు.
వాటికి జానెడు వెనక, గాలికి కింద,
నాలుగు వేళ్ళ చిన్న అడుగులు
వచ్చి, ఆగి, చాలాసేపు నిలబడి,
గోళ్ళు లోతుగా దిగేంతసేపు నిలబడి,
తిరిగి వెళ్ళాయి.

పిలిస్తే అదీ వచ్చింది.
మేం ముక్కుపుడకలను చూస్తున్నాం.