పొంగనాల పెనం

మిర్చి యార్డు గేటు దగ్గర
తుమ్ముతూ దొరికిన కుక్కపిల్ల.
గిన్నె నేలకి తగిలేలోపే ఖాళీ.
నమలదు, మింగుతుంది.
ఆనక గడపలో కక్కి
నా మొహం చూస్తుంది.

ఎందరితో పోట్లాడి తాగిందో తల్లిపాలు!
పక్కన ఎవరూ లేకపోయినా
భుజంతో గాలిని నెడుతూనే ఉంటుంది.

"పొంగనాల పెనంలో పెట్టవే" అంది
మస్తానమ్మ పిన్ని.
ఏడు గుంతలు, గుంతకింత పెరుగన్నం.
మొదటిదాని దగ్గర తికమకపడింది,
మూడోదాని అంచు కూడా నాకింది,
ఐదో గుంతకి తోక ఊగింది.

ఆదివారం. యార్డుకి సెలవు.
అయినా నేను నిలబడే తింటున్నాను,
తొడిమలు తీసిన వేళ్ళు మండుతుంటే
క్యారేజీ మూతలోనే కలుపుకుని,
మేస్త్రి కేకేస్తాడేమోనని
ముద్ద మీద ముద్ద.

ఆరో గుంత దగ్గర ఆగి
తలెత్తి నన్ను చూసింది.
మూతి నిండా మెతుకులు.

పీట లాక్కున్నాను.