రంపం వాటా

చీమకుర్తి బైపాసు దాటాక
ఎడమపక్క మూడో షెడ్డు.
అందులో ఒక మూల నేను గీతలు గీసే గది.
గోడకి అటు బ్లేడు, ఇటు కంప్యూటరు.
కరెంటు పోతే రెండూ ఒకేసారి ఊపిరి బిగబడతాయి.

చేరిన నెలలోనే ఒక రాయి పాడుచేశాను.
బంగారు నలుసులున్న నల్లరాయి, ఖరీదైంది.
తొమ్మిది ముక్కలు గీస్తే ఎనిమిదే వచ్చాయి,
తొమ్మిదోది రెండు వేళ్ళు తక్కువ.
తెరమీద చూస్తే వెంట్రుకంత తేడా లేదు.

మాలకొండయ్య తడిచేతులు లుంగీకి తుడుచుకుంటా వచ్చి
ఆ గీతను చాలాసేపు చూశాడు.
"నీ గీతకి మందం లేదు గదమ్మే" అన్నాడు.
"రంపానికి ఉంటది.
కోసినప్పుడల్లా దాని వాటా అది తింటది.
దానికి పెట్టకుండా నువ్వే పంచుకున్నావు."

పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు
ఎవరూ చెప్పని మాట.

ఆ రాత్రి ఒంగోలు రూములో
పదకొండు లైన్లు రాశాను.
గీత ఇస్తే తీసుకుని
రంపం వాటా పక్కనపెట్టి
మిగిలింది తిరిగిచ్చే చిన్న ఫంక్షను.
మేం వాడే డ్రాయింగు సాఫ్ట్‌వేరే
ఎవరెవరో ఊరికే రాసిపెట్టింది.
మూలని గుండ్రంగా తిప్పడం ఒకరిది,
రెండు గీతలు యాడ కలుస్తాయో చెప్పడం ఇంకొకరిది.
ముఖాలు తెలీవు.
బంతి చివర ఖాళీ చూసి కూర్చున్నట్టు
వాళ్ళ కోడ్ పక్కన నాదీ పెట్టాను.

"మన లెక్క ఊరందరికీ ఎందుకు?" అన్నాడు ఓనరు.
నాకు జవాబు తోచలేదు.
"నాకు బల్లికురవ మేస్త్రి చెప్పాడయ్యా" అన్నాడు మాలకొండయ్య,
"పైసా అడగలా."

ఎనిమిది నెలలు ఎవరూ పలకరించలేదు.
తర్వాత మార్కాపురం నుంచి ఖాసింబీ రాసింది,
పలకల ఫ్యాక్టరీలో కటింగు డ్రాయింగులు ఆమెవి.
"అక్కా, మూల లోపలికి తిరిగినచోట
నీ వాటా సరుకు మీదికి పోతోంది.
ప్లస్సు కాదు, మైనస్సు."
ఒక్క గుర్తు.
అది తెలిసేలోపు ఎన్ని పలకలు పగిలాయో రాయలేదు.
ఆమె పేరు నా పేరు కింద చేర్చాను.

ఆపైన ఎవరో పడవచెక్క కోసేవాడు,
ఎవరో చెప్పులకి తోలు కోసేవాడు,
నాకు నోరు తిరగని పేర్లు.
కొందరిది ఒక్కటే మాట: పనిచెయ్యట్లేదు.
మంచీ లేదు, మర్యాదా లేదు.
ఆదివారం బట్టలు నానబెట్టి మర్చిపోయి
వాళ్ళకి జవాబులు రాస్తూ కూర్చున్నాను.
ఇది సానరాయి లాంటిదనుకున్నా మొదట్లో,
ఎందరు నూరుకున్నా ఉంటుందని.
సానరాయీ అరుగుతుంది.
కోడ్ అరగదు,
రాసినవాళ్ళ రాత్రులు అరుగుతాయి.

మొన్న టీ టైములో ఆ లైన్లన్నీ
తెలుగు చేసి మాలకొండయ్యకి వినిపించాను.
అంతా విని, గ్లాసు కిందపెట్టి,
"బిళ్ళ వయసు యాడ పెట్టావు?" అన్నాడు.
"కొత్తది నాలుగు తింటది.
ముసలిది ఊగతా ఊగతా ఐదున్నర తింటది."

పెట్టలేదు.
ఇప్పుడు పెట్టాను, ఫంక్షనులో ఇంకో గడి.
పేరు: వయసు.
ఏమీ నింపకపోతే సున్నా అనుకుంటుంది,
లోకంలోని బిళ్ళలన్నీ
ఇవాళ పొద్దున్నే పుట్టినట్టు.

నిన్న ఎవరో అడిగారు,
ఆ ఒకటిన్నర ఎక్కడిది, ఆధారమేదని.
గోడకి చెవి ఆనించాను.
నీళ్ళతో పాటు రాయిలోకి దిగుతోంది బ్లేడు.
ఉన్నట్టుండి చప్పుడు కాస్త లావైంది,
నాకు తెలిసేలోపే ఆయన ఆపేశాడు.

జవాబు ఇంకా రాయలేదు.