అంటు

మట్టలాదివారం నాడే చెప్పిండారు ఉపదేశి దేవసహాయం గారు,
చేతిలో ఈత మట్ట ఊపుతా:
"పునరుత్థానం పండక్కి నాలుగు మాటలు రాయరా,
చెట్ల మధ్య తిరిగేవోడివి, నీకేం కొదవ?"

కొదవే.
వారమంతా జేబులో పెన్సిలు,
మందుల కొట్టు చీటీ వెనక ఒక్క గీత లేదు.
పూత మీద తేనెమంచు పడింది,
బెంగళూరా ఆకులు జిగటగా, మసిగా.
జ్యూసు ఫ్యాక్టరీ వాళ్ళు ఇంకా రేటు తెంచలేదు.
వసంతం అని రాస్తే
మొగిలప్ప గారు నవ్వుతారు,
ఆయన తోట గుత్తకు పట్టినోళ్ళు ఏడుస్తారు.

నాకు తెలిసిన పని ఒకటే.
నేల మామిడి మొక్కను ఏటవాలుగా కోసి
బేనీషా పుల్లను ఆ గాయంలో కూర్చి
గాలి దూరకుండా పట్టీ చుట్టడం.
చెయ్యి వణికితే పుల్ల చస్తుంది.
కోత ఆరకముందే
పచ్చి పచ్చిని తాకాల.

మా నాయన యేసుపాదం నేర్పిన విద్య.
ఆయన వయసులో ఉన్నప్పుడు
బంగారుపాళ్యం హోటల్లో మాకు గ్లాసు వేరే.
"అంటు" అని ఆ గ్లాసును చూరులో పెట్టించిన నోరే
ఆషాఢం రాంగానే మా వాకిట్లో నిలబడి
"యేసుపాదం, అంటు కట్టాల, రా" అనేది.
నాయన పోయేవాడు.
కత్తిని పంచెకు తుడుచుకుని
ఒక్క మాట అనకుండా కట్టేవాడు.
ఈ చుట్టుపక్కల తీపిలో సగం
ఆ చేతి అంటే.

"ఒకే మాట ఎట్ల నాయనా, రెండింటికీ?"
కాసేపు పట్టీ చుడతానే ఉండి
"మాట వాళ్ళది కాదు లేరా," అన్నాడు,
"కట్టేవోడిది."

శుక్రవారం గుడిలో కరెంటు పోయింది.
మూడు గంటల ఎండలో, ఆగిన ఫ్యాన్ల కింద
ఆయన పక్కలో దిగిన బల్లెం గురించి చెప్తా ఉండారు.
నాకు కోత కనపడింది.
ఎవరిని కూర్చడానికో అంత లోతుగా.

ఆదివారం, నాలుగున్నర.
కొవ్వొత్తులతో సమాధుల దొడ్డికి పోతా ఉన్నాం, నర్సరీ మీదుగా.
శివరాత్రి ముందు కట్టి,
పట్టలేదని కంచె పక్కకు నెట్టిన సంచి ఒకటి,
నీళ్ళు కూడా పోయలేదు దానికి.
పట్టీ పైన
చిటికెన గోరంత, రాగి రంగులో, తడిగా.
నేను నిలబడిపోయినా.
వెనకున్న సువార్తమ్మత్త "నడువు అబ్బోడా, మైనం కారతాంది" అనింది.

ఆ మొదటి ఆదివారం, ఇంకా చీకటుండగానే,
తోటలో ఏడుస్తా నిలబడిన ఆమె
ఆయన్ని చూసి తోటమాలి అనుకుందంట.
పొరపాటు పడిందని ఏటా ప్రసంగంలో చెప్తారు.
నాకట్ల తోచదు.
చేతులకు మన్ను ఉండే ఉంటుంది.
గాయాల పట్టీ ఇంకా విప్పి ఉండరు.

నాయన సమాధి మీద కానుగ పూలు రాలి ఉండాయి, ఊడ్చలేదు.
ఉపదేశి గారు చెయ్యి చాపినారు.
నాలుగు మాటలు కాలేదండీ, ఒకటే.
చీటీని కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని, అద్దాలు సవరించుకుని
చదివినారు:
"అంటుకుంది."

"ఏందిరా, చీటీనా?" అని గబుక్కున వెనక్కి లాక్కున్నారు.
అప్పుడే పాట ఎత్తుకున్నారు ఆడవాళ్ళు.
నేను జవాబు చెప్పలేదు.