నలభై ఎనిమిది నెలలు

మూడు రోజులుగా సెల్ఫ్ నొక్కితే
బల్లి పలికినట్టు టిక్ టిక్.
అంతే.
కిక్కు కొట్టి కొట్టి కుడి మడమ వాచింది.

పుదుపేట సందులో, విప్పేసిన బళ్ళ గుట్టల మధ్య
మీటరు తీగలు ఆనించి చూసి
"తొమ్మిదిన్నర" అన్నాడు సిక్కందర్ భాయ్,
జ్వరం చూసిన కాంపౌండరులా.

బల్ల మీద రెండు పెట్టాడు.
ఒకటి ఆసిడ్ పోసేది, చవక,
అప్పుడప్పుడూ మూత తీసి నీళ్ళు చూసుకోవాలి.
రెండోది సీలుది, ఎనిమిది వందలు ఎక్కువ,
నలభై ఎనిమిది నెలల గ్యారంటీ.
రెండూ అయిదు ఆంపియర్లే,
రెండూ నా బండి గూట్లో పట్టేవే.

"బండి ఎన్నాళ్ళుంచుకుంటావు తంబీ?
దాన్నిబట్టి తీసుకో."

బండి సంగతే అడిగాడు, పాపం.
నెల్లూరు నుంచి రెండేళ్ళకని వచ్చాను.
ఇది తొమ్మిదో ఐప్పసి వాన.
ఇప్పటికీ బీరువా కొనలేదు,
పొద్దున్నే పరుపు చుట్టి గోడకి నిలబెడతాను,
అద్దె కాగితం పదకొండేసి నెలలకి.
నాలుగేళ్ళు అనే మాట
ఎవరికీ ఇచ్చినవాణ్ణి కాదు,
పూంగొడి సూటిగా అడిగినప్పుడు కూడా.

పాతదాన్ని తక్కెట్లో పడేశాడు.
నా ఇన్నాళ్ళ తిరుగుడూ రెండు కిలోల చిల్లర.
మూడొందలు తగ్గించాడు.

"సీలుదే ఇవ్వండి."

కార్డు మీద తేదీ వేసి
"డోర్ నంబరు?" అన్నాడు.
పాతది ఇరవై ఏడు, కొత్తది అరవై ఒకటి.
రెండూ చెప్పాను.

బిగించి హారన్ కొడితే
సైలెన్సర్ల మీద నిద్రపోతున్న పిల్లి ఎగిరి దూకింది.
కింద ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలియలేదు.
జేబులో వేసుకున్నాను.